రేడియో వర్ణపటము ఉమ్మడి వినియోగము (ఉత్తర తెలంగాణ)

రేడియో వర్ణపటము ఉమ్మడి వినియోగము అనగా ఒక సంస్థకు కేటాయించిన రేడియో పౌనఃపున్యములను మరొక సంస్థ కూడ, పరస్పరము అంతరాయము కలుగకుండ, వాడుకొనుట. వ్యవహారములో దీనిని స్పెక్ట్రం షేరింగ్ అంటారు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో (2016 అక్టోబరు 11న ఇవి పలు జిల్లాలుగా విభజింపబడినవి) ఈ విషయమునకు ప్రత్యేక ప్రాధాన్యము ఉన్నది. ఇక్కడ రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల పట్టణములు ఒక వైపు, తిర్యాణి, కెరమెరి, నార్నూరు వంటి ఏజెన్సీ మండలములు మరొక వైపు కలవు. పట్టణములలో తరంగములకు గిరాకీ ఎక్కువ. కొండలలో తరంగములు ఉన్నవి కాని వాటిని వాడేవారు తక్కువ.

చట్టములు, తీర్పులు

నిస్తంత్రీ వ్యవస్థ చాలా కాలము 1885 నాటి టెలిగ్రాఫు చట్టము, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము నడిచినది. 1980ల మధ్య వరకు ఇంట్లో రేడియో పెట్టుకొన్నవారు కూడ తపాలా కార్యాలయములో ఏటా లైసెన్సు రుసుము చెల్లించవలసి ఉండేది. పౌనఃపున్యముల కేటాయింపును 1952లో ఏర్పడిన డబ్ల్యూపీసీ విభాగము చూచుచున్నది. రాజ్యాంగము ప్రకారము వైర్‌లెస్, ప్రసారములు కేంద్ర జాబితాలోని అంశములు. రాష్ట్ర ప్రభుత్వము చేతిలో ఉన్నవి స్థలము, విద్యుత్తు, దారి హక్కు వంటివి మాత్రమే.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశ తరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనములో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడ ఉన్నారు. 2012 ఫిబ్రవరి 2న అదే న్యాయస్థానము 122 టెలికం లైసెన్సులను రద్దు చేయగా, మొబైలు సేవల పౌనఃపున్యములకు వేలము స్థిరపడినది.

వేలములోని చిక్కు

వేలము కొరకు దేశమును 22 సేవా ప్రాంతములుగా విభజించినారు. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత జరిగిన 2022, 2024 వేలములలో కూడ ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలు రెండును కలిపి ఒకే ప్రాంతముగా ఉన్నవి. అనగా హైదరాబాదు, విశాఖపట్నములకు వేలము పాడిన కంపెనీకే తిర్యాణి కొండల మీది తరంగములపై కూడ హక్కు వచ్చును. కంపెనీ అక్కడ టవరు నిలుపకపోయినను, ఆ పౌనఃపున్యమును వేరొకరు వాడరాదు. నగరములో కొరత వలన పెరిగిన ధర, కొరతే లేని అడవికి కూడ వర్తించుచున్నది.

700, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యములు దూరము పోవును, చెట్లను, గుట్టలను కొంతవరకు దాటును. ఏజెన్సీకి తగినవి ఇవే. అయితే టవరుకు విద్యుత్తు, రోడ్డు, అటవీ అనుమతి కావలెను. ఇంత ఖర్చును కొద్దిపాటి జనాభాపై నాలుగు కంపెనీలు వేరువేరుగా పెట్టవు. ఒక్కరు పెట్టి అందరు వాడుకొనుట ఒక్కటే ఇక్కడ కుదిరే లెక్క.

ప్రభుత్వము, ట్రాయ్ అభిప్రాయములు

1997లో ఏర్పడిన ట్రాయ్ ముందుగా సంప్రదింపు పత్రము వెలువరించి, అభిప్రాయములు స్వీకరించి, తరువాత కేంద్రమునకు సిఫారసు చేయును. సిఫారసులకు ప్రభుత్వము కట్టుబడి ఉండనవసరము లేదు.

2015 సెప్టెంబరులో కేంద్రము ఉమ్మడి వినియోగమును అనుమతించినది. కాని ఇద్దరికీ ఒకే బ్యాండులో తరంగములు ఉండవలెనని నియమము పెట్టి, ఆదాయముపై 0.5 శాతము అదనపు రుసుము విధించినది. ఈ రుసుమును 2021 సెప్టెంబరు సంస్కరణలలో తొలగించినారు. 2024 ఏప్రిల్‌లో ట్రాయ్ వేరువేరు బ్యాండుల మధ్య కూడ ఉమ్మడి వినియోగమును అనుమతింపవలెనని సిఫారసు చేసినది. మారుమూల ప్రాంతములలో ప్రభుత్వ ధనముతో నిర్మించిన సదుపాయములను ఇతర కంపెనీలతో పంచుకొనుటకు నిరాకరింపరాదని కూడ సూచించినది.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టము 7వ విభాగము ప్రకారము, ఒకరికి ఇచ్చిన వర్ణపటములో కొంత భాగమును కేంద్రము మరొకరికి ద్వితీయ కేటాయింపుగా ఇవ్వవచ్చును. తగిన కారణము లేక వాడకుండ ఉంచిన దానిని రద్దు కూడ చేయవచ్చును.

స్థానిక ఉదాహరణలు

* 2021 జూన్‌లో కేంద్రము రైల్వేలకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ కేటాయించినది. రామగుండం, మంచిర్యాల, సిర్పూరు కాగజ్‌నగర్ మీదుగా పోవు కాజీపేట - బల్లార్షా మార్గము ముఖ్యమైన రైలు మార్గములలో ఒకటి.
* 2022 జూన్ మార్గదర్శకముల ప్రకారము గనులు, కర్మాగారములు సొంత అవసరములకు ప్రత్యేక నెట్‌వర్కు నెలకొల్పుకొనవచ్చును. సింగరేణి వంటి ప్రాంతములకు ఇది ఉపయోగకరము.
* 2022 జూలైలో కేంద్రము దేశములో సేవలు అందని 24,680 గ్రామములకు బీఎస్ఎన్ఎల్ ద్వారా 4జి అందించు పథకమును 26,316 కోట్ల రూపాయలతో ఆమోదించినది. కొమురం భీం ఆసిఫాబాదు వంటి జిల్లాలకు ఆశ ఇటువంటి పథకములే.
* 2020 సెప్టెంబరు 1 నుండి రాష్ట్ర ప్రభుత్వము పాఠములను దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా ప్రసారము చేసినది. అంతర్జాలము అందని ఇంటికి కూడ టీవీ ద్వారా పాఠము చేరగలిగినది. సిగ్నలు లేని గూడెములోని పిల్లవానికి తరంగముల పంపిణీ చదువుకు సంబంధించిన విషయమే.

పంచుకొన్న తరంగములు

తరంగములు ప్రజల ఆస్తి అన్న మాటకు తెలంగాణలో మంచి నిదర్శనము పూర్వపు మెదక్ జిల్లా జహీరాబాదు సమీపములోని మాచునూరులో ఉన్నది. అక్కడ దళిత మహిళలు నడుపు సంఘం రేడియో 2008 అక్టోబరు 15న, 1995 తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్ చేతుల మీదుగా ప్రారంభమైనది. ఉత్తరమున 1986లో ప్రారంభమైన ఆదిలాబాదు ఆకాశవాణి కేంద్రము గోండీ భాషలో కూడ కార్యక్రమములు ప్రసారము చేసినది. రెండు చోట్లను లాభము లెక్క చూడక తరంగములలో కొంత చోటు కేటాయించుట వలననే ఆ గొంతులు వినిపించినవి.

విశ్లేషణ

చట్టములో ఇప్పుడు దారి ఉన్నది. ఉమ్మడి వినియోగము, ద్వితీయ కేటాయింపు, వాడనిదానిని వెనుకకు తీసుకొనుట అనే మూడు సాధనములు కలవు. అయితే "వాడుట" అను మాటను ఏ కొలతతో చూచెదరనునది ముఖ్యము. సేవా ప్రాంతము మొత్తమును ఒకటిగా చూచినచో హైదరాబాదులోని వాడకము కెరమెరిలోని లోటును కప్పివేయును. మండలము వారీగా చూచినచో లోటు బయటపడును. రాష్ట్ర ప్రభుత్వమునకు తరంగములపై అధికారము లేకపోయినను, మండలముల వారీ వివరములతో సంప్రదింపులలో తన అభిప్రాయము చెప్పవచ్చును. గ్రామ పంచాయతీలు, ఐటీడీఏ, ఉపాధ్యాయ సంఘములు కూడ చెప్పవచ్చును. ప్రజల ఆస్తి అన్నప్పుడు, దాని పంపకములో కొండ మీది ప్రజల మాట కూడ వినబడవలెను.