‘మనకు చలెక్కడిది?’ అనకండి

డిసెంబరు రెండో వారం. పొద్దున్నే ఏడున్నరకు ఒక పెద్దాయనను కొడుకు ఆటోలో మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చాడు. వయసు అరవై ఎనిమిది. పదేళ్లుగా బీపీ ఉంది. అలవాటు ప్రకారం అయిదింటికే లేచి, పలుచటి లాల్చీతో పాల ప్యాకెట్ కోసం బయల్దేరారు. దారిలో ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకుని ఇంటికొచ్చి, సోడా తాగి పడుకున్నారు. తగ్గలేదు. ఈసీజీ తీస్తే గుండెపోటు. ఇంకా ఆలస్యం కాకుండా చికిత్స అందింది కాబట్టి బతికారు.

ఇంటికి పంపే రోజున ‘‘తెల్లవారుజామున బయటికి వెళ్లొద్దు, స్వెటర్ వేసుకోండి’’ అంటే ఆయన నవ్వారు. ‘‘మన హైదరాబాద్‌లో చలెక్కడిది సారూ? గింత చలికి ఏమైతది?’’

ఆయన గుండెపోటుకు చలి ఒక్కటే కారణమని నేను చెప్పను. బీపీ, ఏళ్ల తరబడి కాల్చిన బీడీలు రక్తనాళాలను ముందే దెబ్బతీశాయి. అలా దెబ్బతిన్న గుండెకు చలి అదనపు బరువు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఏటా ఈ రెండు మూడు నెలలు ఓపీలో వింటూనే ఉంటాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అందుకే ఈ వారం దానికే జవాబు.

ముందు మన చలి ఎలాంటిదో చూద్దాం. హైదరాబాద్ సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమిపై దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. వానలు వెనక్కి తగ్గాక ఆకాశం తేటపడుతుంది. ఉత్తరం, ఈశాన్యం నుంచి పొడిగాలి వీస్తుంది. పగలు వేడెక్కిన నేల, మబ్బు అడ్డు లేకపోవడంతో రాత్రికి తొందరగా చల్లబడుతుంది. అందుకే డిసెంబరు, జనవరిలో మధ్యాహ్నం 28, 29 డిగ్రీలున్నా తెల్లవారుజాముకు 14, 15కు పడిపోవడం మామూలే. కాంక్రీటు వేడిని పట్టి ఉంచే నగరం నడిబొడ్డు కంటే పటాన్‌చెరు, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి వైపు ఇంకా చల్లగా ఉంటుంది. కొన్ని రోజులు అక్కడ పది డిగ్రీల కిందికీ దిగుతుంది. విశాఖలో సముద్రం రాత్రి చలిని కొంత కాచుకుంటుంది. మనకు ఆ అదృష్టం లేదు.

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు చేరి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ ‘శీతల గాలులు’ అంటుంది. నగరంలో ఆ మాట అరుదుగా వినిపిస్తుంది. అందుకే మనకు చలి లేదనుకుంటాం. కానీ పొద్దున రగ్గు, మధ్యాహ్నం ఫ్యాన్ అన్నట్టుగా ఒక్క రోజులోనే పద్నాలుగు, పదిహేను డిగ్రీల తేడాను శరీరం సర్దుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు సర్దుకుంటాడు. డెబ్బై ఏళ్ల గుండె, ఉబ్బసం ఉన్న ఊపిరితిత్తులు, నెలల బిడ్డ అంత తేలిగ్గా సర్దుకోలేరు.

‘చలిదేశాల వాళ్లే బతుకుతుంటే మనకేం?’ అని మీరు అడగొచ్చు. అక్కడే అసలు సంగతి ఉంది. 1997లో లాన్సెట్ వైద్య పత్రికలో ‘యూరోవింటర్’ అనే అధ్యయనం వచ్చింది. బయటి ఉష్ణోగ్రత 18 డిగ్రీల నుంచి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మరణాలు ఎంత పెరుగుతున్నాయో అందులో లెక్కగట్టారు. గడ్డకట్టే చలి ఉండే దక్షిణ ఫిన్లాండ్‌లో పెరుగుదల 0.27 శాతం. వెచ్చగా ఉండే ఏథెన్స్‌లో 2.15 శాతం. బయట 7 డిగ్రీలున్నప్పుడు ఫిన్లాండ్ వాళ్లలో 72 శాతం మంది టోపీ పెట్టుకుంటే, ఏథెన్స్‌లో పెట్టుకున్నది 13 శాతమే. ఏథెన్స్ ఇళ్లు లోపల కూడా చల్లగానే ఉన్నాయి. చలి ఉందని ఒప్పుకున్నవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ‘మనకు చలెక్కడిది’ అనుకున్నవాళ్లు ఎక్కువ నష్టపోయారు. 2015లో అదే పత్రికలో వచ్చిన 13 దేశాల అధ్యయనం కూడా వేడి కంటే చలి వల్లే ఎక్కువ మరణాలని, అందులోనూ తీవ్రమైన చలి కంటే ఓ మోస్తరు చలి వాటానే ఎక్కువని తేల్చింది. ఈ రెంటిలోనూ మన దేశం లేదు. ఆ అంకెలు మనవి కావు. పాఠం మాత్రం మనకూ పనికొస్తుంది.

మన ఇళ్లను చూడండి. అన్నీ ఎండను తట్టుకోవడానికి కట్టుకున్నవే. కింద షాబాద్ బండలో, టైల్సో. పైన వెంటిలేటర్లు. బస్తీల్లో అయితే రేకుల కప్పు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు తెల్లారేసరికి చేతులు పెట్టలేనంత చల్లబడతాయి. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలుండటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రేకుల ఇంట్లో తెల్లవారుజామున అంత వెచ్చదనం ఎక్కడిది?

చలికి శరీరం ఏం చేస్తుంది? లోపలి వేడిని కాపాడుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో బీపీ పెరుగుతుంది, గుండెకు పని పెరుగుతుంది. రక్తం కాస్త చిక్కబడుతుంది, గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దాహం తెలియక నీళ్లు తక్కువ తాగుతాం, మూత్రం మాత్రం ఎక్కువ వెళ్తుంది. గుండెపోట్లు, పక్షవాతం మామూలుగానే ఉదయం పూట ఎక్కువ. దానికి చలీ, ఖాళీ కడుపుతో వేగంగా నడకా తోడైతే ముప్పు పెరుగుతుంది.

ఊపిరితిత్తులదీ ఇదే కథ. చల్లని పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. పైగా శీతాకాలం ఉదయాల్లో నేలకు దగ్గరి గాలి చల్లగా, దానిపై గాలి వెచ్చగా ఉండి మూతలా పనిచేస్తుంది. వాహనాల పొగ, చెత్త కాల్చిన పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది. తెల్లవారుజామున పీల్చేది స్వచ్ఛమైన గాలి అనుకుంటాం. ఈ నెలల్లో అది అన్నిసార్లూ నిజం కాదు.

అలాగని దుప్పటి కప్పుకుని ఇంట్లో కూర్చోమనడం లేదు. వాకింగ్ మానొద్దు, వేళ మార్చండి. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఎండ వచ్చాకే బయల్దేరండి. ఒకటే మందపాటి కోటు కంటే రెండు మూడు పొరలుగా వేసుకుంటే పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్కటీ తీసేయొచ్చు. తల, చెవులు, పాదాలు కప్పుకోండి. దాహం లేకపోయినా నీళ్లు తాగండి. బీపీ ఒకసారి చూపించుకోండి. మాత్ర మోతాదు మార్చాల్సి వస్తే డాక్టర్ మారుస్తారు, మీరే పెంచొద్దు, తగ్గించొద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్‌ను ‘బాగానే ఉంది కదా’ అని ఆపొద్దు. అరవై దాటినవాళ్లు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగండి. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే సోడా కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేయండి.

పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం వద్దు. తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టడమే మంచి వెచ్చదనం. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో పాత అలవాటే. కానీ పొగ ఆ చిన్ని ఊపిరితిత్తులకు పడదు. పెద్దమ్మలు, అమ్మమ్మలు కోపం చేసుకోవద్దు.

చలి కాచుకునే పద్ధతుల్లోనూ ప్రాణం తీసేవి ఉన్నాయి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని బాత్‌రూంలో గ్యాస్ గీజర్ కూడా అంతే ప్రమాదం. బకెట్‌లో హీటర్ రాడ్ ఉండగా వేడెక్కిందో లేదోనని వేలు పెట్టొద్దు. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవి ఇల్లు, తీరిక ఉన్నవాళ్లు పాటించగలిగేవి. ‘ఎండ వచ్చాక బయటికి వెళ్లండి’ అని రోడ్డూడ్చే అమ్మకు ఎలా చెప్పను? ఆమె పని మొదలయ్యేదే చీకట్లో. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా కూర్చునే వాచ్‌మన్‌కు, రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతుకు ఏ సలహా ఇవ్వను? అంతెందుకు, నేను రౌండ్స్‌కు వెళ్లే దారిలో, వరండాలో బండలపై పలుచటి చెద్దరు కప్పుకుని రోగుల బంధువులు పడుకుని ఉంటారు. లోపల ఒకరికి న్యుమోనియా నయం చేస్తుంటే, బయట ఇంకొకరు దగ్గు మొదలుపెడతారు.

మార్చి వచ్చిందంటే వడగాడ్పుల ప్రణాళిక, చలివేంద్రాలు, మజ్జిగ ప్యాకెట్లు, పనివేళల మార్పులు చూస్తాం. చాలా మంచి పని. అందులో సగం శ్రద్ధ డిసెంబరుకూ కావాలి. పారిశుద్ధ్య కార్మికులకు నవంబరులోనే స్వెటర్లు అందాలి. వాళ్లలో గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారికి డ్యూటీ వేళ మార్చాలి. ప్రతి పెద్దాసుపత్రి దగ్గరా బంధువులు పడుకోవడానికి తలుపులున్న గది, రగ్గులు ఉండాలి. ఇవి కోట్లు ఖర్చయ్యే పనులు కావు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఒక మంచి రగ్గు, ఒక మంకీ క్యాప్ ఇవ్వడానికి ఏ జీవో కూడా అక్కర్లేదు.

ఆ పెద్దాయన జనవరిలో చెకప్‌కు వచ్చారు. పదకొండు గంటలకు కూడా స్వెటర్, మఫ్లర్, మంకీ క్యాప్ అన్నీ వేసుకునే ఉన్నారు. ‘‘పొద్దుగాల మంచిగుంటది గానీ, ఇప్పుడు ఉడకపోస్తది సారూ’’ అన్నారు. ‘‘ఎండొచ్చింది కదా, తీసేయండి. సాయంత్రం మళ్లీ వేసుకోండి’’ అన్నాను. మన ఊరి చలికి ఆ మాత్రం మర్యాద చాలు.