ఆ పసుప్పచ్చ లైటుకి నల్ల టేపు వెయ్యకండి

అమెరికాలో పాత కారు నడిపే మనవాళ్ళలో చాలామందికి ఒక పసుప్పచ్చ లైటు బాగా పరిచయం. గుర్రపునాడా ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లో గాలి తగ్గిందని చెప్పడానికి పెట్టిన లైటది. గాలి నింపినా ఆరదు. నాల్రోజులు చికాకు పడి, ఆ తర్వాత దానివైపు చూడ్డమే మానేస్తారు. కొందరైతే నల్ల టేపు అంటించేస్తారు కూడా. "టైర్లు బానే ఉన్నాయి, సెన్సర్ పోయిందంతే. ఈ డొక్కు బండికి నాలుగొందల డాలర్లు ఎవడు పెడతాడు?" అని వాళ్ళ వాదన. సెన్సర్లు మార్పించాలనేది నా వాదన. కాకపోతే నాలుగొందలు అక్కర్లేదు.

ఈ లైటు ఊరికే రాలేదండీ. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ హైవే మీద ఊడిపోయి, బళ్ళు బోల్తాపడి రెండొందల మందికి పైగా పోయారు. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ కొట్టుకున్నాయి గానీ, గాలి తక్కువున్న టైరు ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి పొరలు విడిపోతాయి అన్నదాంట్లో గొడవ లేదు. అదే ఏడాది ట్రెడ్ చట్టం చేశారు. 2005 నుంచి విడతలవారీగా మొదలెట్టి, 2007 సెప్టెంబరు తర్వాత తయారైన ప్రతి కారుకీ ఇది తప్పనిసరి చేశారు. కంపెనీ చెప్పిన దానికన్నా గాలి 25 శాతం తగ్గితే లైటు వెలగాలి.

ఎక్కువ బళ్ళలో చక్రం లోపల, వాల్వుకి అంటుకుని ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. గాలి కొలిచి, తన ఐ.డి.తో కలిపి రేడియోలో పంపుతుంది. దాని బ్యాటరీని జిగురుతో సీలు చేసేస్తారు. అయిదు నుంచి పదేళ్ళు, అంతే. బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం పారెయ్యాల్సిందే. హైవే వేగంలో తిరిగే చక్రంలో బ్యాటరీ కదలకుండా ఉండాలంటే సీలు చెయ్యాలన్నది నిజమే. అయినా ఇరవయ్యేళ్ళు తిరిగే బండిలో పదేళ్ళకి చచ్చే భాగం పెట్టి, ఆ సంగతి కొన్నప్పుడు ఒక్కడూ చెప్పకపోవడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ అసలు విషయం. చాలా బళ్ళలో ఆ ఒక్క లైటుకే రెండు అర్థాలు. స్టార్ట్ చెయ్యగానే ఒకటి, ఒకటిన్నర నిముషం మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే సెన్సర్ పని చెయ్యట్లేదని. మిణకకుండా వెలిగితే గాలి లేదని. అంటే ఒక్క సెన్సర్ చస్తే లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది. మిగతా మూడు టైర్లలో దేంట్లోనైనా మేకు దిగినా మీకు కొత్తగా కనపడేదేం ఉండదు. పోయింది ఒక సెన్సర్, కాపలా పోయింది నాలుగు టైర్లకీ. ఆన్‌కాల్ చేసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆర్నెల్లుగా ఎర్రగా ఉన్న అలర్టుని "అది ఎప్పుడూ అంతేలే" అని వదిలేసిన టీములో, డేటాబేసు నిజంగా పడిపోయిన రాత్రి ఎవడూ లేవడు.

డీలరు చెప్పిన రేటు చూసి మా 2009 కారుకి నేను చేసిందేంటంటే, కొత్త టైర్లు వేయించే దాకా ఆగి అప్పుడే నాలుగూ మార్పించా. టైరు ఎలాగూ విప్పుతారు కాబట్టి ఆ కూలి మిగిలింది. మిగతా మూడూ అదే వయసువి, అవీ నేడో రేపో. బయటి కంపెనీల ప్రోగ్రామబుల్ సెన్సర్లు దొరుకుతాయి. వాటిల్లోకి పాత ఐ.డి.లే ఎక్కిస్తే బండికి ఏదో మారిందన్న సంగతే తెలీదు. కొన్ని బళ్ళకి కొత్త ఐ.డి.లు కంప్యూటర్లో రాయించాల్సొస్తుంది, కొన్ని కాసేపు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి. ముందే అడగండి. ఇంకోటి, అల్యూమినియం వాల్వుకి నికెల్ పూత ఉన్న కోరే వేయించండి. మామూలు ఇత్తడిది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది.

పాత ఐ.డి. అంత తేలిగ్గా ఎలా ఎక్కుతుందని మీకు అనుమానం రావాలి :) ఎందుకంటే ఆ సందేశాల్లో ఎన్‌క్రిప్షనూ లేదు, ఎవరు పంపారో సరిచూడ్డమూ లేదు. రట్గర్స్, సౌత్ కెరొలినా యూనివర్సిటీల వాళ్ళు 2010లోనే 40 మీటర్ల దూరం నుంచి వీటిని విని, దొంగ సందేశాలతో నడుస్తున్న బండిలో లైటు వెలిగించి చూపించారు. మనకి చవగ్గా రిపేరు అయ్యే దారి, భద్రతలో కన్నం, రెండూ ఒకటేనన్నమాట.

సెన్సర్లు మార్చినా గ్లవ్ బాక్సులో ఒక గేజి పడేసుకోండి. 25 శాతం అంటే 32 ఉండాల్సిన టైరు 24కి పడేదాకా ఆ లైటు నోరు మెదపదు. ఎంత ఉండాలన్నది డ్రైవరు డోరు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠం, అది చూసి నింపకండి.