పరుగు ఆగాక వచ్చే ఆయాసం

కిందటి సంచికలో మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తే, "పెద్దవాళ్ళ సంగతి సరే, పిల్లల సంగతీ రాయండి" అని ఉగాది వేడుకల్లో ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను నిలదీశారు. అందుకని ఈసారి ఆటలాడితే వచ్చే ఉబ్బసం.

మా బెంగుళూరులో డిసెంబరు చలి మొదలైందంటే నా దగ్గరకు ఒకరకం చీటీ కోసం తల్లిదండ్రులు వస్తారు. పిల్లకు ఆటలు పడవు, డ్రిల్లు పీరియడు నుంచి మినహాయించండి అని రాసివ్వాలి. అలా వచ్చిన ఒక అమ్మాయి తొమ్మిదో తరగతి, ఖోఖో జట్టులో ఉంది, ఏడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. రెండూ మాన్పించేయాలని తల్లి. ఎప్పుడో మాన్పించాల్సిందని నాయనమ్మ. పిల్ల మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది.

"ఆయాసం ఆడుతున్నప్పుడు ఎక్కువా, ఆపాకనా?" అని అడిగాను.

"ఆపాక అంకుల్. కూర్చున్నాక దగ్గొస్తుంది, ఛాతీ పట్టేస్తుంది. ఓ అరగంటకి అదే పోతుంది."

సగం నిర్ధారణ ఆ జవాబులోనే ఉంది. అలవాటు లేక వచ్చే రొప్పు, ఆగి కూర్చుంటే నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇది అలా కాదు. ఆట ఆపిన అయిదు, పది నిమిషాలకు ముదిరి, అరగంట నుంచి గంటలోపు తగ్గుతుంది. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగువు. కొందరిలో దగ్గు ఒక్కటే ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని జలుబు ఖాతాలో వేస్తారు.

కారణం చెబుతాను. తీరిగ్గా కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళం నిమిషానికి 5, 6 లీటర్ల గాలి పీలుస్తాం, అదీ ముక్కుతో. ముక్కు దాన్ని వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపుతుంది. గట్టిగా పరుగెత్తితే అది 60 లీటర్లు దాటుతుంది, నోరు తెరవక తప్పదు. చల్లని పొడిగాలి నేరుగా వాయునాళాల మీద పడి లోపలి తడిని లాగేస్తుంది. అసలే సున్నితంగా ఉన్న నాళాల్లో అప్పుడు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి పదార్థాలు విడుదలై చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తాయి. దీనికి దుమ్ము, దీపావళి పొగ, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి తోడైతే చెప్పనక్కర్లేదు.

అయితే ఆయాసమంతా ఉబ్బసం కాదు. ఆడపిల్లల్లో రక్తహీనత చాలా తరచు. హిమోగ్లోబిన్ చూడకుండా మాట్లాడకూడదు. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ముందు గుండెను పరీక్షించాలి. ఉబ్బసాన్ని తేల్చడానికి పరుగుకు ముందు, తర్వాత స్పైరోమీటరులో ఊదిస్తాం. మొదటి సెకనులో బయటకు వచ్చే గాలి 10 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గితే అనుమానం బలపడుతుంది. ఈ అమ్మాయికి అలాగే తగ్గింది.

ఇన్హేలరు పేరెత్తగానే నాయనమ్మగారు, "అది అలవాటైపోతుంది బాబూ, రేపు పెళ్ళివారికి తెలిస్తే?" అన్నారు. ఈ మాట మన ఇళ్ళల్లో ఎంతో కాలంగా వింటున్నాను. ఇన్హేలరు దాచి, సంబంధం కుదిరాక మానేసి, పెళ్ళిపందిట్లో హోమం పొగకు ఉక్కిరిబిక్కిరైన వధువులు ఉన్నారు. లెక్క చూడండి: సాల్బుటమాల్ రెండు పఫ్‌లంటే 200 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రగా మింగితే దానికి ఇరవై రెట్లు. మాత్రకు లేని భయం పఫ్‌కు ఎందుకో నాకు అర్థం కాదు.

ఆటకు పావుగంట ముందు ఈ మందు పీల్చడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. కాని రోజూ అదొక్కటే వాడితే దాని రక్షణ తగ్గుతుంది, లోపలి వాపు అలాగే ఉంటుంది. అందుకే 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దలకు, 12 ఏళ్ళు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దంటున్నాయి. పీల్చే స్టెరాయిడ్ తోడుండాలి. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలరును ఆటకు ముందు వాడే పద్ధతి అలా వచ్చింది. ఎవరికి ఏది అన్నది మీ డాక్టరు చెప్పాలి, పక్కింటివారి చీటీ చూసి కొనకండి.

మందు కాక చేయవలసినదీ ఉంది. ఒక్కసారిగా పరుగు అందుకోకుండా పది, పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కనివ్వాలి, మధ్యమధ్య చిన్న పరుగులతో. కొందరికి దానివల్ల గంట, రెండు గంటలు రక్షణ ఉంటుంది. చలిపొద్దున ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ కట్టుకోవాలి. జలుబు, జ్వరం ఉన్న రోజు ఆట వద్దు.

అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్నర్ కెర్సీకి ఉబ్బసం ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో హెప్టథ్లాన్‌లో ఆమె సాధించిన 7,291 పాయింట్ల రికార్డును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. ఈ సంగతి చెబితే మొదటిసారి మా అమ్మాయి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. నేను చీటీ రాశాను, తల్లి అడిగింది కాదు. ఈమె ఆడవచ్చు, ఇన్హేలరు మైదానంలో చేతికి అందేలా ఉండాలి అని డ్రిల్లు మాస్టారికి. మేడమీద తరగతి గదిలో సంచిలో ఉన్న మందు ఎవరికి పనికొస్తుంది?

ఆటలో ఆయాసం ముదిరితే పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. స్పేసరు పెట్టి సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి, ఒక్కోదానికి నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్ళీ నాలుగు ఇచ్చి, ఆస్పత్రికి బయలుదేరండి. ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలం తిరిగినా ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగవద్దు. దారిలో మందు ఇస్తూ తీసుకెళ్ళండి.

జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని వారి చేప ప్రసాదానికి మన సభ్యుల్లో కొందరు రైలెక్కుతారు. దానివల్ల ఉబ్బసం పోతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్ళేవారితో నేను తగవు పెట్టుకోను. ఇన్హేలరు మాత్రం మానకండి, సంచి అడుగున కాకుండా జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఆ జనంలో, ఆ దుమ్ములో అవసరం పడొచ్చు.