ఫోన్ ఉంది సరే, డెస్క్ ఏదీ?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున లేచేసరికి మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. మధ్యాహ్నానికి కింది వాటా గుమ్మం కనిపించలేదు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండేవాళ్లకి బుడమేరు వాగు కొత్త కాదు గానీ, అది మంచాల మీదకి ఎక్కుతుందని మాలో ఎవరమూ అనుకోలేదు. కరెంటు పోయింది, టీవీ ఆగిపోయింది, మర్నాడు పేపరు రాలేదు. పత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన నాకు నా పేట సంగతి చెప్పింది మా పై వాటాలో అద్దెకుండే డిగ్రీ కుర్రాడి ఫోను.

డాబా మీద నిలబడి నాలుగు వైపులా వీడియో తీశాడు. వణుకుతున్న గొంతుతోనే వివరంగా చెప్పాడు: "ఫ్లైఓవర్ దిగాక మూడో వీధి, ఎడమ పక్క ఆకుపచ్చ గేటు. నిండు గర్భిణి ఉంది. ఇప్పుడు టైము పదకొండున్నర." ఆ వీడియో చేతులు మారి మారి ఎవరికో చేరింది. సాయంత్రం పడవ సరాసరి ఆకుపచ్చ గేటు దగ్గరే ఆగింది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే పనికొచ్చిన వార్తలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీళ్లు కాస్త తీసి, జనం ఇళ్లు కడుక్కుంటున్న రోజుల్లో ఒక రాత్రి అదే కుర్రాడి నుంచి మా వీధి గ్రూపులోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరిదో మగ గొంతు. "కట్ట మళ్లీ తెగింది, అరగంటలో పది అడుగుల నీళ్లు, పిల్లల్ని తీసుకుని పైకెక్కండి." చీకట్లో మెట్ల మీద తోపులాట. ఎదురింటి మామ్మగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తెల్లారేదాకా కాపలా కాశాం. నీళ్లు రాలేదు. కట్ట తెగనేలేదు.

పొద్దున ఆ అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను: "నువ్వు చూశావా?" "లేదు బాబాయ్ గారూ, వేరే గ్రూపులో వచ్చింది." "ఆ గొంతు ఎవరిది?" "తెలీదు." "ఎప్పుడు అన్న మాట అది?" తల దించుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. ఆ అబ్బాయి అబద్ధాలకోరు కాదు. నాలుగు ప్రాణాలు కాపాడాలన్న తొందర రెండుసార్లూ ఒకటే. మొదటిసారి చూసింది చెప్పాడు, రెండోసారి విన్నది పంపాడు. ఆ తేడా పట్టుకుని ఆపే మనిషి అతని వెనక ఎవరూ లేరు.

ఆ మనిషినే మేం డెస్క్ అనేవాళ్లం.

జనం చేతిలో వార్త పడటం నిన్నా మొన్నటి సంగతి అనుకుంటాం గానీ, తెలుగునాట అది పాతదే. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. మండలానికో కంట్రిబ్యూటర్. వాళ్లెవరు? కిరాణా కొట్టు నడిపేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఎల్ఐసీ ఏజెంట్లు. జర్నలిజం చదివినవాడు నూటికొకడు ఉంటే గొప్ప. వార్తలు రాసి కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లు. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిచ్చేవాళ్లం. ఊళ్లో బోరింగు చెడిపోయిందని ఊరివాడే రాస్తే జిల్లా అంతా చదివేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు ఊరూరా పాకి, చివరికి 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధందాకా వెళ్లిందంటే, ఆ మోతలో పల్లె నుంచి రాసిన ఇలాంటి చేతుల పాత్ర ఉంది. వాళ్లు పౌరులే. కాకపోతే వాళ్లు పంపిన ప్రతి ముక్కనీ రాత్రి పదింటికి ఎవరో ఒకరు ఎర్రసిరా పెన్నుతో చదివేవాళ్లు. "ఎవరు చెప్పారు? అవతలివాళ్లని అడిగావా?" అని ఫోన్‌లో నిలదీసేవాళ్లు.

నిలదీయని రోజు ఏమవుతుందో నాకు తెలుసు. 1998లో ఒక రాత్రి పదకొండు నలభైకి కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. హైవే మీద లారీ ఆటోని గుద్దింది, ఐదుగురు పోయారు, పేర్లు రాసుకోండి అన్నాడు. పేజీ వెళ్లిపోవడానికి పది నిమిషాలు. రాసుకున్నాను. అయిదో పేరు ఎలా తెలిసిందని అడగలేదు. మర్నాడు పదింటికి ఒక తాపీమేస్త్రి తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. చేతిలో మా పేపరు. అయిదో పేరు ఆయనది. చీటీ డబ్బు కట్టి రమ్మని రసీదు పుస్తకం తోటి పనివాడి చేతికిచ్చాడట. శవం జేబులో అది దొరికింది. అంటే నేను బతికున్నవాణ్ని చంపాను. అంతకు మించి, నిజంగా పోయినవాడి ఇంట్లో ఒక రోజంతా ఎవరికీ కబురు తెలియనివ్వలేదు. సవరణ లోపలి పేజీలో వేశాం. అది చూసి ఆయన మళ్లీ వచ్చి ఒకే మాట అడిగాడు: "చావు మొదటి పేజీలో వేసి, బతుకు లోపల వేశారేంటండీ?" ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ ఏ ప్రమాద వార్త దగ్గరా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆయన వచ్చి అడగగలిగాడు. పేపరు మీద అచ్చయిన చిరునామా ఉంది, గుమ్మం ఉంది, లోపల తలవంచుకోవాల్సిన మనిషి ఉన్నాడు. మా ఎదురింటి మామ్మగారు విరిగిన చేత్తో ఎవరి గుమ్మానికి వెళ్లాలి? నా దృష్టిలో విశ్వసనీయత అంటే ఇదే. తప్పు ఎవరైనా చేస్తారు. చేశాక దొరకాలి.

ఈ మాట అన్నానని వృత్తి మీడియాని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. మా ఇల్లు మేమే తగలబెట్టుకున్నాం. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల డబ్బు వార్తల రూపంలో అచ్చయింది. దాన్ని బయటపెట్టినవాళ్లలో మన ఏపీ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ముందుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసి మరీ చూపించింది. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి 71 పేజీల నివేదిక రాస్తే, 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. మరుసటి ఏడు కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ జనం చదవలేకపోయారు. కంట్రిబ్యూటర్‌కి వార్తకి ఇచ్చేది చిల్లర, తెమ్మనేది వేల రూపాయల యాడ్లు. ఎవరిమీద వార్త రాయాలో వాళ్ల దగ్గరే చెయ్యి చాపమంటే ఆ కలం ఏం నిలబడుతుంది?

2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెడుతుందని కొన్ని జాతీయ చానళ్లు బొమ్మలు వేసి మరీ వివరించాయి. ఆ మాట వాట్సాప్‌లో తిరుగుతున్నదే. అడ్డుకోవాల్సిన చోట దానికి స్టూడియో దొరికింది. ఇప్పుడు ఇంకో తప్పించుకునే దారి వచ్చింది. "సోషల్ మీడియాలో చక్కర్లు కొడుతున్న వీడియో" అని రాసేసి ఏదైనా వేసుకోవచ్చు. ఎక్కడిదో, ఎప్పటిదో కనుక్కునే పని పాఠకుడి నెత్తిన పడేస్తున్నారు. నా కాలంలో ఆ వాక్యం రాసుకొస్తే ఇన్‌ఛార్జి కాపీ తిరగ్గొట్టేవాడు. చక్కర్లు కొట్టడం వార్త కాదు, చక్కర్లు కొట్టేది నిజమో కాదో తేల్చడం వార్త.

తేల్చకపోతే మనుషులు చస్తారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వీడియో ఒకటి మన ఊళ్లన్నీ తిరిగింది. బైకు మీద వచ్చిన మనిషి వీధిలో ఆడుకుంటున్న బాబుని లాక్కుపోతాడు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ మనిషి బాబుని తెచ్చి దింపేస్తాడు, హెచ్చరిక బోర్డు చూపిస్తాడు. ఆ చివరి ముక్క కోసేశారు. ఆ ఏడాది జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, మూక చేతిలో పోయాడు. అదే రోజుల్లో జోగుళాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లని కానిస్టేబుళ్లకి దత్తతిచ్చి, కళాకారులతో పాటలు కట్టించి, ఇంటింటికీ చెప్పించారు. డెస్క్ చేయాల్సిన పని పోలీసులు డప్పు కొట్టి చేయాల్సివచ్చింది.

జనం గొంతు, జవాబుదారీతనం ఒకేచోట ఉండటం అసాధ్యం కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు నుంచి సంగం రేడియో నడుస్తోంది. నడిపేది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. విత్తనాల గురించి, పంటల గురించి తమ భాషలో తామే మాట్లాడతారు. తప్పు చెబితే మర్నాడు పొలం గట్టు మీద అడిగేవాళ్లుంటారు. కానీ మన నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. పేరూ ఊరూ ఉన్న ఆ ఆడవాళ్ల నోటికి తాళం, పేరూ ఊరూ లేని వాయిస్ మెసేజ్‌కి రాజమార్గం. ఇది నాకు ఎన్నటికీ మింగుడుపడదు. ఆ తాళం తీయాలి. పత్రికలు కూడా జిల్లా డెస్కుల్లో మనుషుల్ని తగ్గించడం మానాలి. కంట్రిబ్యూటర్‌కి జీతమివ్వాలి, యాడ్ల టార్గెట్ ఎత్తేయాలి. తప్పు ఏ పేజీలో వేశారో సవరణా ఆ పేజీలోనే వేయాలి. ఆ మేస్త్రి అడిగిన ప్రశ్నకి ఇరవై ఏడేళ్లుగా నేను బాకీ.

మా వీధి గ్రూపు విషయానికొస్తే, వరద తర్వాత మేం పెట్టుకున్నది ఒకటే పద్ధతి. చూసింది మాత్రమే రాయాలి, గంట రాయాలి. విన్నది పంపాలంటే ఎవరి దగ్గర విన్నారో రాయాలి. మొదట్లో విసుక్కున్నారు, ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం, బుడమేరు పెరుగుతోందని మళ్లీ గుసగుసలు మొదలైనప్పుడు, పై వాటా కుర్రాడు ఎవరూ అడక్కుండానే బండి వేసుకుని వెళ్లాడు. కాసేపటికి ఫొటోతో మెసేజ్ వచ్చింది: "నేను ఇప్పుడు కట్ట మీదే ఉన్నాను. టైము 6.40. నీళ్లు కింద నుంచి మూడో మెట్టు దగ్గర ఉన్నాయి. పొద్దున నాలుగో మెట్టు అని రాశాను, అది తప్పు."