ఐదో తరగతి గదిలో తెలుగు వినిపిస్తోందా?

ఐదో తరగతి మళ్లీ చర్చలోకి వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యాహక్కు నిబంధనలను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల చివర వార్షిక పరీక్ష పెట్టింది. తప్పిన పిల్లలకు రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష ఉంటుంది. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. ఎనిమిది దాకా ఎవరినీ ఆపబోమని తమిళనాడు ప్రభుత్వం చెప్పేసింది. అప్పటి నుంచి మా హోసూరులో నలుగురు తెలుగువాళ్లు కలిసినా పరీక్ష ఉండాలా వద్దా అనే మాటే. నా ప్రశ్న వేరు. ఆ ఏడాది పొడవునా మన పిల్లలు తరగతి గదిలో ఏం చేస్తున్నారు? ఏ భాషలో చేస్తున్నారు?

ఐదో తరగతి గురించే ఎందుకు?

రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. అంతకుముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క పెట్టింది. ఆ భాష పిల్లలు బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పే టీచరు ఒకరిని వేయాలి. ఇవన్నీ ప్రాథమిక దశకు సంబంధించినవే. ఆ దశలో ఆఖరి ఏడాది ఐదో తరగతి.

ఆ తరువాత ఏమవుతుందో తమిళనాట ఉన్నవాళ్లకు తెలుసు. 2006 చట్టం ప్రకారం తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండు, మిగతా సబ్జెక్టులు మూడు, మాతృభాష నాలుగో భాగంలో ఐచ్ఛికం. ఆ నిబంధన 2006-07లో ఒకటో తరగతితో మొదలై 2015-16కి పదో తరగతికి చేరింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. ఆ పోరాటం అవసరమే. కానీ మన బలమంతా పదో తరగతి దగ్గరే ఖర్చయింది. ఐదో తరగతి గదిలోకి తొంగి చూసినవాళ్లం తక్కువ. అందులో నేనూ ఉన్నాను.

పద్యం వచ్చు, చదవడం రాదు

కొన్నేళ్ల కిందట ఉగాదికి పద్యాల పోటీ పెట్టాం. ఐదో తరగతి పిల్లవాడొకడు ఆరు పద్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మొదటి బహుమతి ఇచ్చాం. బహుమతి పత్రం చేతికిచ్చి, ఏం రాసుందో మైకులో చదవరా నాయనా అన్నాను. వాడు కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, తల దించుకున్నాడు. వాళ్లమ్మ పరుగున వచ్చి, “సార్, వాడికి నేను నోటితో చెప్పి నేర్పించాను” అంది. సభలో అందరూ చప్పట్లు కొట్టి సర్దేశారు. కార్యదర్శిగా ఏటా నేను నోటు పుస్తకాలు పంచాను, పోటీలు పెట్టాను, ఫొటోలు దిగాను. పిల్లలకు చదవడం వచ్చా అని ఒక్క ఏడాది కూడా అడగలేదు.

కృత్యాలు ఉన్నాయి, తెలుగు ఏది?

తమిళనాడులో 2022 జూన్‌లో ‘ఎన్నుం ఎళుత్తుం’ పథకం వచ్చింది. అంటే అంకె, అక్షరం. మొదట ఒకటి నుంచి మూడు తరగతులకు పెట్టి, మరుసటి ఏడాది నాలుగు, ఐదుకు పెంచారు. ఆటలు, పాటలు, కథలు, అభ్యాస పుస్తకాలతో నడుస్తుంది. పిల్లలను వాళ్ల స్థాయిని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు గుంపులు చేస్తారు. లేత మొగ్గ, మొగ్గ, పువ్వు అన్నమాట. ఆలోచన మంచిదే. వెనకబడిన పిల్లవాడికి వాడి స్థాయి పనే ఇస్తారు. అయితే పథకం ఎంచుకున్నవి తమిళం, ఇంగ్లీషు, గణితం. మన పిల్లవాడు తెలుగులో మొగ్గో పువ్వో ఆ పట్టికలో తెలియదు. ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించడానికే సమయం చాలడం లేదని టీచర్లు మొత్తుకుంటున్నారు. పట్టికలో లేని భాషకు వాళ్లు గంట ఎక్కడి నుంచి తెస్తారు?

ఈ కృత్యాల చదువు వెనక మన తెలుగు పల్లె ఒకటి ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడుల కోసం కార్డులు, నిచ్చెనల పద్ధతి తయారుచేశారు. పిల్లవాడు కార్డు తీసుకుని తన మెట్టు తానే ఎక్కుతాడు. దాన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టారు. 2007-08కి అది తమిళనాడు అంతటా చేరింది. రెండు మూడు తరగతుల పిల్లలను కలిపి పదిమందిని కూర్చోబెట్టిన తెలుగు విభాగాలకు సరిగ్గా పనికొచ్చే పద్ధతి అదే.

ఐదో తరగతిలో చేయదగ్గ మూడు పనులు

మొదటిది రెండు వరుసల మాటల పట్టిక. ఒక వరుసలో ఇంటి మాట, ఎదురుగా పుస్తకం మాట. మా ఇళ్లలో ఎనుము అంటే పుస్తకంలో గేదె. మేము చెనిక్కాయ అంటే పుస్తకంలో వేరుశనగ. షోలాపూర్ ఇంట్లో ఎనుమును బర్రె అంటారు. ఇంటి మాట తప్పని కొట్టేస్తే పిల్లవాడు నోరు మూసుకుంటాడు. పక్కన పుస్తకం మాట రాయిస్తే రెండూ వస్తాయి.

రెండోది లెక్క. ఐదో తరగతిలో భిన్నాలు పిల్లలను ఏడిపిస్తాయి. మన ఇళ్లలో పావు, అర, ముప్పావు, ఒకటింపావు, ఒకటిన్నర రోజూ వినబడే మాటలే. సంతలో పావు కిలో మిరపకాయలు, ముప్పావు కిలో టమాటా కొని గ్రాములు వేయమంటే 250, 750 అని వాడే చెబుతాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి మూడింటికి రంగు వేయిస్తే ముప్పావు కళ్లకు కనబడుతుంది.

మూడోది అవ్వతో ముఖాముఖి. మన కుటుంబం ఈ ఊరికి ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది, అప్పుడు కూలి ఎంత, బడి ఎక్కడ? ప్రశ్నలు పిల్లలే రాసుకోవాలి. జవాబులు విని, ఎవరి సాయమూ లేకుండా అర పేజీ రాయాలి. చూసి రాసిన పది పేజీల కన్నా ఈ అర పేజీతోనే పిల్లవాడికి తెలుగు ఎంత వచ్చిందో తెలుస్తుంది. టీచరు ఒత్తులు దిద్దితే చాలు.

“ఎందుకండీ ఇదంతా, ఆరు నుంచి ఎలాగూ ఇంగ్లీషు మీడియమే కదా” అనే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను. నా పిల్లలనూ నేను అలాగే చదివించాను. ఈ రాష్ట్రంలో బతికేవాడికి తమిళం రావాలి, ఇంగ్లీషూ రావాలి. అయితే కృత్యాల చదువు పిల్లవాడు మాట్లాడితేనే నడుస్తుంది. అర్థం కాని భాషలో గుంపులో కూర్చున్నవాడు పక్కవాడి కాగితం చూసి దించుతాడు. ఇక తెలుగు విషయానికి వస్తే, ఐదో తరగతి చివరికి ఒక పేరా తానే చదువుకోగలిగిన పిల్లవాడు తరువాత ఎవరూ చెప్పకపోయినా తెలుగు నిలబెట్టుకుంటాడు. చదవలేనివాడికి అది అవ్వతో మాట్లాడే భాషగా మిగిలి, అవ్వతోనే పోతుంది.

ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. చదువు కృత్యాల ద్వారా, పరిశోధన ద్వారా సాగాలి. బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలి. మొదటిది అమలవుతోంది, రెండోది కాగితం మీద ఉంది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి నిర్వహణ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ సమావేశానికి వెళ్లండి. వారానికి రెండు గంటలు ఐదో తరగతి కృత్యాలు తెలుగులో చేయించమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఉద్యోగమంతా గుమాస్తాగా చేసినవాణ్ణి, నోటి మాట ఫైలెక్కదని నాకు తెలుసు. నకలు మీద తేదీ, సంతకం తీసుకోండి.

బరంపురంలోనో, బళ్లారిలోనో, ముంబయి కార్పొరేషన్ తెలుగు బడిలోనో ఉన్నవాళ్లకు పథకాల పేర్లు వేరు. రాజ్యాంగ అధికరణం, చట్టం సెక్షన్లు అందరికీ ఒకటే.

వచ్చే ఉగాదికి మేము పద్యాల పోటీ ఆపడం లేదు. పద్యం చెప్పాక, అదే పిల్లవాడు వేదిక మీద ముందెన్నడూ చూడని ఒక పేరా చదవాలని నియమం పెడుతున్నాం. తడబడినా చప్పట్లు కొడదాం. ఎవరెవరు తడబడ్డారో రాసుకుని, మరుసటి వారం వాళ్లింటికి వెళదాం.