పసిబిడ్డ కడుపు బాధ

బిడ్డ ఏడవగానే కడుపునొప్పి అనుకొని వాము నీళ్ళు పట్టడం మన ఇళ్ళలో పాత అలవాటు. కాని మాటరాని బిడ్డకు ఏడుపే భాష. ఆకలికీ ఏడుస్తుంది, నిద్రకూ ఏడుస్తుంది. అందుచేత ఈ నెల కడుపు బాధ గుర్తులు నాలుగు మనవి చేస్తున్నాము.

పాలు తాగిన పిమ్మట కాస్త కక్కినా, బిడ్డ ఆడుకొంటూ బరువు పెరుగుతూ ఉంటే భయం లేదు. తల్లిపాల బిడ్డకు రోజుకు ఆరేడుసార్లు పచ్చగా పల్చగా అయినా అది జబ్బు కాదు. ఎప్పటి తీరు మారి, నీళ్ళవలె మూడుసార్లు గాని అంతకు మించి గాని అయితే అది అతిసారం.

అతిసారంలో ముప్పు ఒంట్లో నీరు ఇంకిపోవడమే. కళ్ళు గుంటలు పడడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, మాడు లోతుకు పోవడం, నోరు ఎండడం, మూత్రం తగ్గడం, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం దాని గుర్తులు.

“లంఖణం పరమౌషధం” అన్న మాట పసివాళ్ళకు వర్తించదు. తల్లిపాలు మానిపించరాదు. తినే బిడ్డకు మెత్తని అన్నం పెడుతూనే ఉండాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం, దానిపై వ్రాసినన్ని నీళ్ళలో, కాచి చల్లార్చి కలిపి చెంచాతో పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా పట్టాలి. కలిపిన నీరు ఒక రోజు దాటితే పారబోయాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైను చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీటితోనే ఎందరినో బ్రతికించారు. డాక్టరు జింకు మాత్రలు వ్రాస్తే, విరేచనాలు కట్టినా చెప్పినన్ని రోజులూ వేయాలి.

ఆకుపచ్చని వాంతి, మలంలో నెత్తురు, ఉండి ఉండి కాళ్ళు ముడుచుకొని గుక్కపట్టి ఏడవడం, పొట్ట బిగిసి ఉబ్బడం, పాలు పట్టలేనంత మగత — వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు నెలలలోపు బిడ్డకు విరేచనాలైతే అసలే ఆలస్యం చేయరాదు.

రోటావైరస్ చుక్కలు 2016లో మొదట వేసిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్ర, ఒడిశాలు ఉన్నవి. ఇప్పుడు దేశమంతటా 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తున్నారు. తప్పక వేయించండి.

చివరగా పరభాషా ప్రాంతాల్లోని మన కొత్త కోడళ్ళకు ఒక మాట. విరేచనాలను కన్నడంలో భేది, తమిళంలో వయిట్రుప్పోక్కు, ఒడియాలో ఝాడా, మరాఠీలో జులాబ్ అంటారు. ఎన్నిసార్లు అయింది, వాంతి రంగు ఏమిటి, మూత్రం చివరిసారి ఎప్పుడు పోసింది — ఈ మూడూ కాగితంమీద వ్రాసుకొని వెళ్ళండి. భాష తడబడినా బిడ్డ సంగతి డాక్టరుకు సరిగా అందుతుంది.