32 కిలోమీటర్లు నడిచాక ఇంటికెలా?

మనలో చాలామంది ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తాం. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక, మాధవధార, ఎన్‌ఏడీ మీదుగా మళ్లీ అక్కడికే 32 కిలోమీటర్లు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు, అన్నీ ఉచితం. వైజాగ్ వాళ్ల చెయ్యి పెద్దది!

మరి నడక అయ్యాక? పోయినసారి తెల్లవారుజామున, మామూలుగా ఇరవై తీసుకునే షేర్ ఆటో నన్ను వంద అడిగింది. ఇచ్చేశాను. నా పక్కనున్న శ్రీకాకుళం మామ్మ మాత్రం బొబ్బలెక్కిన కాళ్లతోనే మళ్లీ నడక మొదలుపెట్టింది. ఆటో అన్నదే తప్పనను. ఆ రాత్రి ట్రాఫిక్ మళ్లింపుల్లో అతనూ చుట్టూ తిరగాలి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ సిటీ బస్సులు ఉచితం. కానీ బస్సు ఆగేచోటికి చేరాలి కదా! అందుకే నా మాట ఇది: పులిహోర పంచే టెంట్లలో ఒక్కటి తగ్గినా ఎవరూ పస్తుండరు. ఆ డబ్బుతో తొలిపావంచా నుంచి గోపాలపట్నం, సింహాచలం రైల్వే స్టేషన్ వరకూ ఉచితంగా మినీ బస్సులు తిప్పొచ్చు. ఆదివారాలు ఖాళీగా ఉండే మన కాలేజీ బస్సులు ఆ ఒక్క తెల్లవారుజామున రాలేవా? అడుగుదాం. నడిచేవాళ్లకి అన్నం పెట్టడం ఎంత సేవో, నడిచొచ్చినవాళ్లని ఇంటికి చేర్చడమూ అంతే.